కందెన నుంచి ఆయిల్ సీలు దాకా: చిత్తూరు సీమలో పాత కార్ల గేర్‌బాక్సు మరమ్మతు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

బండి ఇరుసుకు పూసే కందెన కారిపోవడం సహజం. గేర్‌బాక్సులో పోసిన నూనె కారకూడదు. ఈ రెండు భావనల మధ్య దూరాన్ని దక్షిణ రాయలసీమ గ్రామాలు ఒకటి రెండు తరాల్లోనే దాటాయి. ఐరాల, కాణిపాకం, చిత్తూరు ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని అంబాసిడర్ కారు గేర్‌బాక్సులో నూనె కారుదలకు గల కారణాలను, దాన్ని ఆపిన పద్ధతులను, ఆ పని చుట్టూ ఏర్పడిన పదజాలాన్ని చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. యాభై ఏళ్ళు దాటిన వాహనాల విషయంలో 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల నేపథ్యంలో మరమ్మతుకూ పరిరక్షణకూ మధ్య తలెత్తే వైరుధ్యాన్ని కూడా ఇది చర్చిస్తుంది.

కీలక పదాలు: కందెన, కపిల, గేర్‌బాక్సు, ఆయిల్ సీలు, ప్యాకింగు, అంబాసిడర్, ఐరాల, వృత్తి పదజాలం.

1. ఉపోద్ఘాతం

‘కారు’ అనే మాట తెలుగులో నామవాచకంగా ఇంగ్లీషు నుంచి వచ్చింది. క్రియగా అది మనదే. ‘కారు కారుతోంది’ అన్న వాక్యం వైయాకరణునికి చమత్కారంగా తోచవచ్చు. పాత కారు యజమానికి మాత్రం అది పొద్దున్నే నేల మీద కనబడే నల్లని మరక.

తెలుగునాట సాంకేతిక చరిత్ర అనగానే ఆనకట్టలు, రైలుమార్గాలు, అచ్చుయంత్రాలు చర్చకు వస్తాయి. యంత్రం వచ్చిన తేదీ నమోదవుతుంది. అది చెడిపోయిన తరువాత దాన్ని ఎవరు, ఎలా, దేనితో బాగుచేశారన్నది నమోదు కాదు. డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో వెలువరించిన ‘ది షాక్ ఆఫ్ ది ఓల్డ్’ గ్రంథం సాంకేతికతను కనుగొన్న ఘడియ నుంచి కాక వాడుక, నిర్వహణల వైపు నుంచి చూడాలని ప్రతిపాదించింది. భారతదేశానికి సంబంధించి డేవిడ్ ఆర్నాల్డ్ 2013లో సైకిలు, కుట్టుమిషను, టైపురైటరు, ధాన్యపు మిల్లులను ఆధారంగా చేసుకొని నిత్యజీవిత యంత్రాల చరిత్ర రాశాడు. ఆ మార్గంలోనే మరింత చిన్న విషయాన్ని, ఒక పెట్టెలోంచి బయటికి వచ్చే నూనె బొట్టును, ఈ వ్యాసం పట్టించుకుంటుంది.

ఐరాల చిత్తూరుకు వాయవ్య దిశలో ఉన్న మండల కేంద్రం. కాణిపాకం క్షేత్రం ఈ మండలంలోదే. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు పరిసరాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగం. రైలు పాకాల మీదుగా పోయింది. ఐరాలకు రోడ్డే ఆధారం. చెరకు, బెల్లం, వేరుశనగ, మామిడి అన్నీ చక్రాల మీదనే సంతకు చేరవలసిన సీమ ఇది. చక్రం ఉన్నచోట ఇరుసు, ఇరుసు ఉన్నచోట చమురు తప్పవు.

2. కందెన: కారిపోవడానికే పూసిన చమురు

ఎద్దులబండి ఇరుసుకు పూసే కందెన ఆముదంలో గడ్డి మసి కలిపి చేసేది. బండి వెంట ఒక వెదురు గొట్టంలోనో చిన్న బుర్రలోనో అది వేలాడుతూ ఉండేది. కందెన లేని బండి కదలదన్న లోకజ్ఞానం శతక పద్యాల దాకా ఎక్కిందంటే దాని స్థానం ఎంతటిదో ఊహించవచ్చు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. కందెన ఇరుసు నుంచి జారిపోతుంది, దుమ్ముతో కలిసి ముద్దకడుతుంది, రాలిపోతుంది. అందుకు ఎవరూ బండిని తప్పుపట్టరు. మళ్ళీ పూస్తారు. ‘లీకు’ అనే దోషభావన ఈ వ్యవస్థలో లేదు. చమురు నిలవ ఉండేది కాదు, ఖర్చయ్యేది.

తొలినాటి మోటారు వాహనాలు కూడా ఈ పద్ధతికి అంత దూరమేమీ కాదు. 1890ల ఆరంభంలో ఫ్రాన్సులో పనార్, లెవాసోర్ సంస్థ తయారుచేసిన తొలి కార్లలో జారుడు పళ్ళచక్రాలు మూత లేకుండా తిరిగేవి. వాటిని పెట్టెలో మూసి నూనెలో తేల్చడం ఆ తరువాత వచ్చిన మెరుగుదల. పెట్టె మూసిన క్షణం నుంచే కొత్త ప్రశ్న పుట్టింది. లోపల నూనె ఉండాలి, బయటికి దండం రావాలి, దండం తిరగాలి, నూనె మాత్రం దండంతో పాటు బయటికి రాకూడదు. మోటారు యంత్రశాస్త్రం ఈ నాలుగు షరతులను ఒకేసారి తీర్చడానికి దాదాపు నలభై ఏళ్ళు తంటాలు పడింది.

ఆముదం మాత్రం కొత్త యుగంలోకి కూడా వచ్చింది. తోలు తొడిగిన శంకువు ఆకారపు తొలి క్లచ్చులకు తోలు ఎండి బిగుసుకోకుండా ఆముదం పట్టించేవారు. చార్లెస్ వేక్‌ఫీల్డ్ సంస్థ 1909లో తన చమురుకు పెట్టిన ‘కాస్ట్రాల్’ అన్న పేరులోనే ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరు దాగి ఉంది. మద్రాసు రాష్ట్రం ఆముదపు గింజలను ఎగుమతి చేసిన ప్రాంతాల్లో ఒకటి. కందెన చేసిన గింజే వేరొక రూపంలో కారులోకి తిరిగివచ్చిందని అనవచ్చు.

3. కపిల తోలు, సీలు తోలు

నూనెను కాకపోయినా నీటిని ఆపే విద్య ఈ సీమకు ఎప్పటినుంచో తెలుసు. వర్షం మీద, చెరువు మీద, బావి మీద బతికే నేల ఇది. కాణిపాకం స్థలపురాణమే ఒక సేద్యపు బావితో మొదలవుతుంది. బావినుంచి నీరు తోడి పొలం తడుపుకొనే ముగ్గురు సోదరులు, నీరు అడుగంటడంతో బావిని లోతు చేయబోగా స్వామి బయల్పడ్డాడని, బావి నీరు కాణి మడి మేర పారిందని, ఆ ఊరి పేరు అలా వచ్చిందని చెప్పుకుంటారు. పేరులోని నిరుక్తి ఎలా ఉన్నా, ఆ కథను కన్న సమాజం బావి నీటి చుట్టూ తిరిగినదని స్పష్టం.

బావినుంచి నీరు లాగిన ప్రధాన సాధనం కపిల. ఎద్దులు వాలు దారి దిగుతుంటే తోలు సంచి పైకి వస్తుంది. దాని తొండం కాలువలో నీరు వదులుతుంది. కపిల సంచి చిల్లిపడితే ఎద్దుల శ్రమ బావిలోకే పోతుంది. అందుకని తోలు ఎంపిక, కుట్టు, చమురు పట్టించడం, అతుకు వేయడం అన్నీ మాదిగ వృత్తికారుల చేతుల్లో మెరుగుదేలిన పనులు. పంట కళ్ళంలో వారికి గింజలు కొలిచే ఏర్పాటు ఉండేదంటే నీరు కారకుండా చూడడం ఊరి ఆర్థికవ్యవస్థలో ఒక స్థిరమైన ఉద్యోగమన్నమాట. ఆ తోలును పదును చేసింది తంగేడు చెక్క. దక్షిణ భారతం నుంచి ఇంగ్లండుకు ఎగుమతి అయిన తోళ్ళలో ఎక్కువ భాగం తంగేడుతో పదును చేసినవే. పక్కనున్న వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట తోళ్ళ పరిశ్రమకు కేంద్రాలయ్యాయి.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దంలో మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ క్రోము తోళ్ళ ప్రయోగాలు చేపట్టినప్పుడు వాటి ఉపయోగాల్లో ఒకటిగా కపిల సంచులను పరిగణించాడు. నీటిలో ఎక్కువ కాలం నిలిచే తోలు రైతుకు లాభమన్నది వాదన. అదే చాటర్టన్ బావులకు ఆయిల్ ఇంజన్లు బిగించి నీరు తోడించే ప్రయోగాలనూ ప్రోత్సహించాడు. అంటే కపిలను మెరుగుపరచే ప్రయత్నమూ, కపిలను పక్కకు నెట్టే ప్రయత్నమూ ఒకే అధికారి బల్ల మీద జరిగాయి. ఆ కాలపు పారిశ్రామిక విధానంలోని అంతర్గత వైరుధ్యానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

తిరిగే దండం చుట్టూ నూనెను ఆపడానికి ప్రపంచం మొదట వాడిన పదార్థాల్లో కూడా తోలు ముఖ్యమైనది. జర్మనీలోని వైన్‌హైమ్ పట్టణంలో తోళ్ళు పదును చేసే వ్యాపారంగా ఎదిగిన ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థ 1929లో తోలు సీళ్ళ తయారీలోకి దిగింది. వాల్టర్ సిమ్మర్ అనే ఇంజనీరు పేరు మీద ‘సిమ్మెరింగ్’ అని పిలిచిన సీలు ఆ తరువాత 1930లలో తోలును విడిచి కృత్రిమ రబ్బరులోకి మారింది. లోహపు చట్రం, దానికి అతికిన పెదవి, ఆ పెదవిని దండానికి అదిమి పట్టే సన్నని చుట్టు స్ప్రింగు. నేటి ఆయిల్ సీలు మూల రూపం ఇదే. కపిల తోలుకూ ఈ సీలుకూ వంశవృక్షం గీయబోవడం అతిశయోక్తి అవుతుంది; వాటిని పదార్థ సాన్నిహిత్యంగా మాత్రమే చూడాలి. కాని తోలు నానితే ఉబ్బి బిగుస్తుందని, ఎండితే ముడుచుకుని వదులవుతుందని, చమురు తాగిన తోలు ఎక్కువ కాలం పనిచేస్తుందని తెలిసిన సమాజానికి ‘సీలు’ పూర్తిగా పరాయి భావన కాలేదనడం సమంజసం.

4. అంబాసిడర్ వచ్చిన దారి

చిత్తూరు సీమకు మోటారు సంస్కృతి మద్రాసు నుంచే వచ్చింది. మద్రాసు 150 కిలోమీటర్ల దూరం. అక్కడ 1903లో సింప్సన్ సంస్థలో ఆవిరి కారు తయారైంది. 1926లో ఫోర్డు సంస్థ తన శాఖను నెలకొల్పింది. స్వాతంత్ర్యం తరువాత విదేశీ కార్ల దిగుమతి తగ్గి, 1950ల మధ్యకల్లా ఫోర్డు, జనరల్ మోటార్స్ దేశం వదిలివెళ్ళాయి. మిగిలినవి ప్రధానంగా మూడు: బొంబాయి ప్రీమియర్, మద్రాసు స్టాండర్డ్, ఉత్తరపాడా హిందుస్థాన్ మోటార్స్.

1942లో స్థాపితమైన హిందుస్థాన్ మోటార్స్ మొదట గుజరాత్‌లోని ఓఖా రేవులోను, 1948 నుంచి పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలోను పనిచేసింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి నమూనా ఆధారంగా 1957లో అంబాసిడర్ వచ్చింది. 1959లో దానికి బి.ఎం.సి. సంస్థ బి-శ్రేణి 1489 సి.సి. ఇంజను అమరింది. స్టీరింగు పక్కన కొయ్య, నాలుగు గేర్లు, మొదటి గేరుకు సింక్రోమెష్ లేకపోవడం దశాబ్దాల పాటు దాని ముద్ర. సింక్రోమెష్‌ను కాడిలాక్ 1928లోనే ప్రవేశపెట్టినా మన డ్రైవరు మొదటి గేరుకు బండి నిలిచేదాకా ఆగవలసి వచ్చింది. 1990ల తొలినాళ్ళలో ఇసుజు ఇంజనుతో పాటు అయిదు గేర్ల పెట్టె వచ్చేసరికి ఇక్కడ మనం చర్చించే పాత పెట్టె వృద్ధాప్యంలో పడింది. 2014 మే నెలలో ఉత్తరపాడాలో తయారీ ఆగిపోయింది. 2017లో ఆ పేరును ఫ్రాన్సు పెజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది.

5. పెట్టె ఎక్కడ కారుతుంది?

కారు కింద మరక కనబడగానే సీలు మార్చడం అనుభవం లేని చేతి లక్షణం. అంబాసిడర్ వంటి కారులో నూనె కారే చోటు, నూనె కనబడే చోటు ఒకటి కావు. కారు ముందుకు పోతుంటే గాలి నూనెను వెనక్కి తోస్తుంది. తడి అంతా వెనక కనబడుతుంది, మూలం ముందు ఉంటుంది. కనుక మొదటి పని పెట్టెను కిరసనాయిలుతో కడిగి, తుడిచి, ఆరబెట్టి, సుద్దపొడి చల్లడం. కొంత దూరం నడిపి వచ్చి చూస్తే తెల్లని పొడి మీద తడి గీత మొదలైన చోటు, అందులోనూ అన్నిటికంటే పైనున్న చోటు, అసలు దోషి.

ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య గంట ఆకారపు గుల్ల ఉంటుంది. దాని అడుగున చిన్న రంధ్రం, ఆ రంధ్రంలో వదులుగా వేలాడే ఒక స్ప్లిట్ పిన్ను ఉంటాయి. రంధ్రం మట్టితో పూడకుండా ఊగుతూ ఉండడమే ఆ పిన్ను పని. దాని నుంచి బొట్లు పడుతుంటే రెండు అవకాశాలు. ఇంజను వెనక నుంచి కావచ్చు, గేర్‌బాక్సు ముందు నుంచి కావచ్చు. బి-శ్రేణి తొలి ఇంజన్లలో క్రాంకు దండం వెనక రబ్బరు సీలు లేదు. దండం మీద మర లాంటి గాడి చెక్కి, దండం తిరిగేకొద్దీ నూనె ఆ మర వెంట లోపలికే తిరిగిపోయేలా ఏర్పాటు చేశారు. అదే కుటుంబానికి చెందిన ఆనాటి కొన్ని గేర్‌బాక్సుల ముందు మూతలోనూ ఇదే మర గాడి కనిపిస్తుంది. బొట్టును వేలి మీద తీసుకొని చూస్తే కాలిన నల్లని ఇంజను నూనెకూ, తేనెరంగులో గంధకపు వాసన వేసే గేరు నూనెకూ తేడా తెలిసిపోతుంది. ఎక్స్-రే లేని కాలంలో వైద్యుడు నాడి చూసినట్లు.

మర గాడి ఒక మేధావి పరికరం. రాపిడి లేదు, అరుగుదల దాదాపు లేదు, మార్చవలసిన అవసరం లేదు. కాని అది దండం తిరుగుతున్నప్పుడే, అదీ సరైన దిశలో తిరుగుతున్నప్పుడే పనిచేస్తుంది. సమతలం మీద నూనె మట్టం సరిగ్గా ఉంటే నిలిచిన కారు కారదు, ఎందుకంటే చాలా పెట్టెల్లో నూనె మట్టం దండం రంధ్రానికి దిగువనే ఉంటుంది. వాలు మీద నిలిపినా, నూనె ఎక్కువ పోసినా ఆ లెక్క తప్పుతుంది.

ఇక్కడే ఈ సీమ భూగోళం కథలోకి వస్తుంది. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. కాణిపాకం, తిరుపతి, తిరుమల కలిపి యాత్రికులను తిప్పే కార్లకు కొండ ఎక్కడం, దిగడం నిత్యకృత్యం. ఎక్కేటప్పుడు పెట్టెలోని నూనె తోకవైపు చేరుతుంది. చిన్న గేరులో చాలాసేపు నడవడంతో వేడెక్కి పలచబడుతుంది. వెనక సీలు మీద భారం పడుతుంది. దిగేటప్పుడు నూనె ముందుకు, క్లచ్చు వైపు చేరుతుంది. పెట్రోలు పొదుపుకని ఇంజను ఆపి న్యూట్రల్‌లో దించే డ్రైవరు చేతిలో ముందు దండం తిరగదు, మర గాడి నిద్రపోతుంది, నూనె క్లచ్చు ప్లేటు మీదికి పోతుంది. మర్నాడు క్లచ్చు జారుతోందని షెడ్డుకు వస్తాడు. రూపాయి పెట్రోలు మిగిలింది, క్లచ్చు ప్లేటు పోయింది. ఇంజను బ్రేకు లేకుండా ఘాట్ దిగడంలోని ప్రాణాపాయం సంగతి వేరే చెప్పనక్కరలేదు.

వెనక చివర సంగతి వేరు. అక్కడ ప్రొపెల్లర్ షాఫ్టు జారుడు ముక్క లోపలికీ బయటికీ కదులుతూ తిరుగుతుంది. దాని చుట్టూ ఆయిల్ సీలు ఉంటుంది. రబ్బరు పెదవి నిజానికి దండాన్ని పూర్తిగా తాకదు. వెంట్రుక మందంలో సుమారు వందో వంతు నూనె పొర మీద తేలుతుంది. ఆ పొర ఎండితే పెదవి కాలుతుంది, గట్టిపడుతుంది, పగుళ్ళిస్తుంది. నెలల తరబడి షెడ్డులో కదలక నిలిచిన కారు సీళ్ళు తిరిగే కారు సీళ్ళకంటే ముందుగా పోవడానికి కారణం ఇదే. సీలు మార్చే పద్ధతి క్లుప్తంగా ఇది. షాఫ్టు విప్పాలి, పాత సీలును గోడలకు గీత పడకుండా పీకాలి, కొత్త సీలు పెదవికి నూనె రాయాలి, స్ప్రింగు ఉన్న వైపు నూనె వైపే ఉండాలి, సీలు చట్రం వ్యాసానికి సరిపోయే గొట్టం ముక్క పెట్టి సమంగా దించాలి. సుత్తితో ఒక పక్క కొడితే సీలు వంకరగా కూర్చుంటుంది, వారం తిరక్కుండా మళ్ళీ కారుతుంది. జారుడు ముక్క మీద పాత పెదవి గాడి కోసి ఉంటే కొత్త సీలు కూడా ఆ గాడిలోనే పడుతుంది. అప్పుడు సీలును కాస్త లోపలికి గాని బయటికి గాని జరిపి బిగించడం, సన్నని ఉక్కు తొడుగు వేయడం, లేదా ఆ భాగానికి గట్టి క్రోము పూత వేయించి సానబెట్టించడం మార్గాలు.

అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది గాలిరంధ్రం. పెట్టెలో నూనె వేడెక్కితే గాలి వ్యాకోచిస్తుంది. అది బయటికి పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది. ఎర్రమట్టి దారుల దుమ్ము, కారిన నూనె కలిసి దాన్ని పూడుస్తాయి. లోపలి ఒత్తిడికి దారి లేక నూనె సీలు పెదవిని తోసుకుని వస్తుంది. ఎన్ని కొత్త సీళ్ళు వేసినా ఫలితం ఉండదు. మూడు సీళ్ళు మార్చిన చోట ఒక ఇనుప తీగతో ఆ రంధ్రం పొడిస్తే పని అయిపోయేది. ఈ ఒక్క విషయం తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య తేడాను మరమ్మతు విద్యకు కొలబద్దగా తీసుకోవచ్చునని నా అభిప్రాయం, ఎందుకంటే అది చేతి నేర్పును కాక, వ్యవస్థను మొత్తంగా చూడగలిగే చూపును పరీక్షిస్తుంది.

6. కొరత కాలపు విద్య

1960, 70లలో విడిభాగం అంటే మద్రాసు ప్రయాణం. జనరల్ పాటర్స్ రోడ్డులో కొత్తవి, పుదుప్పేటలో పాతవి. చిత్తూరు నుంచి వెళ్ళివస్తే ఒక రోజు కూలి పోయినట్లే. కనుక ఉన్నదానితో గడపడం విద్యగా మారింది.

పెట్టె మూతల మధ్య వేసే కాగితపు ప్యాకింగు ఇందుకు చక్కని ఉదాహరణ. గట్టి కాగితాన్ని మూత అంచు మీద పరచి, చిన్న సుత్తితో అంచు వెంట సున్నితంగా తట్టుతూ పోతే కాగితం ఆ ఆకారంలోనే తెగుతుంది. బోల్టు రంధ్రాల దగ్గర బేరింగు గుండు పెట్టి ఒక దెబ్బ. అచ్చు, కత్తెర, కొలత ఏవీ లేకుండా పెట్టే తన ప్యాకింగును తాను కత్తిరించుకుంటుంది. దాని మీద పూసే షెల్లాక్ మరేదో కాదు, సారాయిలో కరిగించిన లక్క. తూర్పు భారతపు అడవుల్లో పురుగులు కట్టిన లక్క ఇంగ్లండు వెళ్ళి డబ్బాలో పేరు మార్చుకొని మన షెడ్డుకు తిరిగివచ్చింది. డ్రెయిను ప్లగ్గు కింది రాగి వాచరు అణిగి గట్టిపడితే దాన్ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మళ్ళీ మెత్తబడుతుంది. ఇనుమును కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుందని తెలిసిన కమ్మరికి ఇది విపరీతంగా తోస్తుంది. రాగి స్వభావం వేరు. వంగిన మూతను అద్దం పలక మీద ఎమ్రీ పొడి వేసి రుద్ది చదును చేయడం, పగిలిన గుల్లకు ఎం-సీల్ పెట్టడం, ఆ తరువాతి దశాబ్దాల్లో అనాబాండ్ వంటి మద్రాసు తయారీ సీలెంట్లు వాడడం ఈ క్రమంలోనివే. మదురై కేంద్రంగా ఎదిగిన ఫెన్నర్ వంటి సంస్థలు దేశంలోనే ఆయిల్ సీళ్ళు తయారుచేయడంతో కొరత క్రమంగా తగ్గింది.

ఈ విద్యను పొగడడంలో జాగ్రత్త అవసరం. కొరత కాలపు తెలివి అంతా మంచిదే అనుకోవడం ఇటీవలి రచనల్లో కనిపించే ఒక బలహీనత. కారుతున్న పెట్టెలో గ్రీజు కూరడం నూనెను ఆపుతుంది, నిజమే. కాని తిరిగే పళ్ళు గ్రీజులో దారి చేసుకుని పొడిగా తిరుగుతాయి, బేరింగులకు చమురందదు. మోత తగ్గడానికి రంపపు పొట్టు పోయడం అమ్మకపు రోజు మోసమే తప్ప మరమ్మతు కాదు. చిక్కని నూనె పోస్తే తక్కువ కారుతుందన్న నమ్మకం మరొకటి. అదే బి-శ్రేణి కుటుంబానికి చెందిన ఎం.జి.బి. కారు గేర్‌బాక్సుకు తయారీదారులు సూచించింది 20డబ్ల్యు-50 ఇంజను నూనె. నూనె చిక్కదనం సీలు కోసం కాదు, సింక్రో రింగుల కోసం నిర్ణయమవుతుంది. జి.ఎల్-5 తరగతి నూనెల్లో ఎక్కువగా ఉండే గంధక, భాస్వర సమ్మేళనాలు వేడిలో ఇత్తడి, కంచు భాగాలను తినివేయగలవు. బయటికి కారే నూనె కళ్ళకు కనబడుతుంది. లోపల అరిగే ఇత్తడి కనబడదు. కారు దృశ్య దోషాన్ని బాగుచేయబోయి అదృశ్య దోషాన్ని తెచ్చిపెట్టిన సందర్భాలు ఈ చరిత్రలో భాగమే.

7. మాటల సంగతి

భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం 1962లో వ్యవసాయ పదాలను, రెండో సంపుటం 1971లో చేనేత పదాలను కూర్చింది. సరిగ్గా ఆ దశాబ్దంలోనే ఊరూరా మోటారు షెడ్లు తెరుచుకున్నాయి. చిత్తూరు సీమ సేద్యపు మాటలకు నామిని సుబ్రహ్మణ్యం నాయుడు వంటి రచయితల రచనల్లో నిలువనీడ దొరికింది. షెడ్డు మాటలకు అంతటి భాగ్యం పట్టలేదు.

పోర్చుగీసు మూలం గల ‘మేస్త్రీ’ ఇల్లు కట్టేవాడి నుంచి ఇంజను విప్పేవాడి దాకా వ్యాపించింది. ‘పానా’ హిందుస్తానీ నుంచి వచ్చింది. ఇంగ్లీషు గాస్కెట్టును పక్కనబెట్టి షెడ్డు ‘ప్యాకింగు’ను ఎంచుకుంది. ఇవి అరువు మాటలు. కాని దోషాన్ని వర్ణించే క్రియలు మాత్రం తెలుగువే, అదీ ఎంతో సూక్ష్మమైనవి. చెమర్చడం, ఊరడం, కారడం, ధారకట్టడం. ప్యాకింగు అంచున తడి మెరిసి, బొట్టు కట్టకపోతే చెమర్చినట్లు. తుడిచిన చోట మళ్ళీ తడి చేరితే ఊరినట్లు. బొట్టు నేలపడితే కారినట్లు. ఆగకుండా పడితే ధార. నేటి నిర్వహణ శాస్త్రం నూనె స్రావాన్ని తీవ్రతను బట్టి తరగతులు చేస్తుంది. ఆ తరగతులకు కొత్త పారిభాషిక పదాలు కల్పించనక్కరలేదు, ఈ నాలుగు క్రియలు చాలునని ప్రతిపాదిస్తున్నాను. వీటిలో మొదటి దానికి చికిత్స అవసరం లేదు, పాత పెట్టె చెమరుస్తుంది. రెండోదానికి బోల్టు బిగింపు చాలవచ్చు. మూడోదాని దగ్గర పెట్టె విప్పాలి. నాలుగోదాని దగ్గర కారు కదపరాదు. మాటలోనే నిర్ణయం ఉంది.

8. యాభై ఏళ్ళు దాటిన తరువాత

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జూలైలో వింటేజి వాహనాల నిబంధనలు ప్రకటించింది. తొలి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను విషయంలో పెద్ద మార్పులు లేకుండా మూలరూపంలో ఉన్న వాహనాలకు ‘వి.ఎ.’ అక్షరాలతో ప్రత్యేక సంఖ్య ఇస్తారు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పునరుద్ధరణకు 5,000 రూపాయలు రుసుము. అంబాసిడర్ మార్క్ 3 వచ్చింది 1975లో. అంటే మార్క్ 2 కార్లు ఇప్పుడు ఈ హద్దు దాటుతున్నాయి. మరోవైపు 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దు కావడంతో కార్యాలయాల ఆవరణల్లో మిగిలిన అంబాసిడర్లలో అధిక భాగం తుక్కు దారి పట్టాయి. మిగిలిన కొద్ది కార్లు ఇప్పుడు వాహనాలు మాత్రమే కావు, ఆధారాలు కూడా.

ఆధారమన్న మాటతోనే చిక్కు మొదలవుతుంది. మర గాడి ఉన్న ముందు మూతను లేతు మీద పెద్దది చేసి రబ్బరు సీలు బిగిస్తే కారు కారదు. కాని 1950ల ఇంజనీరు రబ్బరును నమ్మక మర గాడిని నమ్మాడన్న సాక్ష్యం లేతు చిప్పులతో పాటు ఊడ్చుకుపోతుంది. మన నిబంధనలు ఛాసిస్, బాడీ, ఇంజను గురించి మాట్లాడతాయి. గేర్‌బాక్సు లోపలి మూత గురించి అవి పట్టించుకోవు. అంతర్జాతీయ పురాతన వాహనాల సమాఖ్య ఫీవా 2013లో అమల్లోకి తెచ్చిన ట్యూరిన్ అధికార పత్రం ఈ విషయంలో ఒక అడుగు ముందుంది. మార్పు తప్పనిసరి అయితే అది తిరిగి వెనక్కి తీసుకోగలిగేదిగా ఉండాలన్నది దాని ధోరణి.

దీనికి ఎదురు వాదన బలహీనమైనదేమీ కాదు. వాడిన నూనెను 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు ప్రమాదకర పదార్థంగా గుర్తించాయి. బావి మీద బతికే ఊళ్ళో నేలకు కారిన నూనె చివరికి ఎక్కడికి చేరుతుందో రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. చారిత్రక ప్రామాణ్యం పేరుతో బావి నీటిని పణంగా పెట్టడాన్ని ఈ వ్యాసకర్త సమర్థించలేడు. కాణిపాకం దారిలో తిరిగే కారు కారకూడదు; ప్రదర్శనశాలలో నిలిచే కారు కింద పళ్ళెం పెట్టవచ్చు.

ఆచరణలో మధ్యేమార్గం ఉంది. అది ఖరీదైనదీ కాదు. మూల మూతను కోయకుండా, మరొక మూత సంపాదించి దానికి సీలు అమర్చాలి. పాతదాన్ని శుభ్రం చేసి, నూనె పూసి, గుడ్డలో చుట్టి, ఏ కారుదో, ఏ రోజున తీశారో, ఎందుకు తీశారో చీటీ కట్టి డిక్కీలో ఉంచాలి. గాలిరంధ్రం, నూనె మట్టం, నూనె తరగతి, సీలు కొలతలు, జారుడు ముక్క మీది గాడి లోతు ఒక నోటుపుస్తకంలో రాయాలి. రాసేటప్పుడు మేస్త్రీ వాడిన మాటలే రాయాలి, ప్యాకింగును ప్యాకింగు అనే రాయాలి. విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖల పరిశోధకులు వృత్తి పదసేకరణకు వెళ్ళేటప్పుడు మగ్గం గుంతతో పాటు షెడ్డు గుంతలోకి కూడా దిగవచ్చు. మర గాడి పెట్టెలను విప్పి బిగించిన తరం చేతులు ఇంకా పనిచేస్తున్న షెడ్లు చిత్తూరు దారుల్లో ఉన్నాయి.